చాడీలు మానేసిన పెట్టె

"మా అమ్మని నీ పరీక్షలకి వాడుకున్నావు."

పొద్దుట్నుంచీ ఆసుపత్రి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మనిషి ఉన్నట్టుండి భార్య ముందు ఆగి అన్న మాట ఇది. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే ఆమె కూడా గట్టిగానే బదులు చెప్పేది. నెమ్మదిగా అనేసరికి చేతిలోని సంచీ పట్టీ సర్దుకుంది.

ఇనప కుర్చీలో కూర్చున్న ఆడపడుచు తల ఎత్తలేదు. తమ్ముడన్నది చాలదని ఆమె మొహమే చెబుతోంది. మొగుణ్ణి 'నువ్వు' అని పిలిచే ఈ మరదలంటే ఆమెకి మొదట్నుంచీ కడుపుమంటే. ఇప్పుడు దానికి ఓ కారణం కూడా దొరికింది.

గోడకి అవతల వార్డులో అత్తగారు దగ్గుతోంది. తుంటి ఎముకకి నిన్ననే ఆపరేషన్ అయింది. అంతకు ముందురోజు పొద్దున్న, కొడుకూ కోడలూ పనులకి వెళ్ళాక, స్నానాలగదిలో జారిపడి, సాయంత్రం కోడలు వచ్చి తలుపు తీసేదాకా ఆ తడినేల మీదే ఉండిపోయింది. మామగారు కూతురింటికి వెళ్ళి ఉన్నాడు. ఇంట్లో పలికే దిక్కు లేదు. ఉన్నదల్లా గోడకి తగిలించిన ఓ తెల్లటి పెట్టె.

మనిషి పడితే 'పడ్డారా?' అని అడిగి, వెంటనే ఇంట్లోవాళ్ళ ఫోన్‌కి కబురు చెయ్యడమే ఆ పెట్టె పని. ఆ రోజు అది కిక్కురుమనలేదు. పైగా దాన్ని తయారుచేసే కంపెనీలోనే కోడలికి ఉద్యోగం. అది సరిగ్గా పనిచేస్తుందా లేదా అని నానా రకాలుగా పరీక్షించి 'బాగుంది' అని చెప్పాల్సిన మనిషి ఆమే. చెప్పింది కూడా. ఇక ఆమె తప్పించుకునేదెక్కడ?

"తగిలించేముందు దాని బుర్ర తుడిచాననే అనుకుంటున్నా," అంది.

"అనుకుంటున్నావా?"

ఆ ఒక్క ముక్క మీదే మొన్నట్నుంచీ ఇంటిల్లిపాదీ నలుగుతున్నారు. ఆ పెట్టె ఏ ఇంట్లో పెడితే ఆ ఇంటికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఒక ఇంట్లో కుక్క సోఫా మీంచి దూకుతుంది, ఇంకో ఇంట్లో మనవలు మంచాల మీంచి గెంతుతారు. ప్రతిదానికీ గోల పెడితే ఎవరు భరిస్తారు? అందుకని అది కబురు పంపినప్పుడు ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో 'పర్లేదు' అని నొక్కితే, ఓహో ఈ ఇంట్లో ఇది మామూలే కాబోలు అని నేర్చుకుని, మరోసారి ఊరుకుంటుంది.

అలా ఊరుకోవడం నేర్చుకుంటోందా లేదా చూడాలని, వేసవిలో కోడలు దాన్ని ఇంటికే తెచ్చి, వెనకగదిలో పరుపు పరిచి దాని మీద పదేపదే పడింది. పడటం, 'పర్లేదు' నొక్కడం, లేవడం, మళ్ళీ పడటం. మామగారు తలుపు సందులోంచి చూసి, "అమ్మాయికి ఒంట్లో బాగానే ఉందా?" అని అత్తగారి చెవిలో అడిగితే ఇల్లంతా పడీ పడీ నవ్వారు. పెట్టె బుద్ధిగా నేర్చుకుంది. పరీక్ష నెగ్గింది.

ఆ తరవాత అదే పెట్టెని అత్తగారి కోసమని గోడకి తగిలించారు. తగిలించేముందు, పరుపు మీద నేర్చుకున్నదంతా దాని బుర్రలోంచి తుడిచెయ్యాలి. తుడవకపోతే మనిషి పడినా అది పరుపాటే అనుకుంటుంది. మరి తుడిచిందా? తుడిచే ఉంటుంది. ఆఫీసులో రోజూ చేసే పనే. రోజూ చేసేది కనకనే గుర్తులేదు. ఊరెళ్ళాక, గ్యాస్ కట్టేశామా లేదా అని దారంతా కొట్టుకుపోయే మనిషికి ఎలా ఉంటుందో ఆమెకి అలా ఉంది.

ఈ అనుమానం ఎవరో పుట్టించింది కూడా కాదు. ఆసుపత్రికి వచ్చిన రోజున తనే ఏడుస్తూ మొగుడికి చెప్పుకుంది. చెప్పుకుంటే బరువు తగ్గుతుందనుకుంది. అదిప్పుడు మెడకి చుట్టుకుంది.

ఆడపడుచు నోరు విప్పింది. నాన్నని నాలుగు రోజులు తనింటికి తీసుకెళ్ళడం తన బుద్ధితక్కువట. ఇంట్లో అంత తెలివైన పెట్టె, అంతకన్నా తెలివైన కోడలు ఉన్నారు కదా అని ధైర్యం చేసిందట. తనది తప్పంటూనే ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

"మొదట్లో చెంచా కిందపడ్డా నా ప్రాణం తీసేది అది," అన్నాడతను గోడకేసి చూస్తూ. "మీటింగులో ఉంటే గుయ్యిమని. నువ్వేమన్నావు? ఓపిక పట్టు, నేర్చుకుంటుంది అన్నావు. నేర్చుకుంది. ఇప్పుడు తృప్తిగా ఉందా?"

ఆ మాటలో ఆమె పట్టుకోవాల్సింది ఒకటుంది. పట్టుకోలేదు. తప్పు చేశానని ముందే నమ్మేసిన మనిషికి ఎదుటివాళ్ళ మాటల్లో తిట్టే వినిపిస్తుంది, ఇంకేదీ వినిపించదు.

ఆ దరిద్రపు పెట్టెని పీకి బయట పారెయ్యమన్నాడు. మామయ్య తిరిగొచ్చి ఇంట్లో ఒక్కరే ఉన్నారు, అందుకే పొద్దున్న బయల్దేరేముందు దాని బుర్రంతా తుడిచి కొత్తదానిలా చేసి పెట్టాను, ఈసారి రెండుసార్లు చూసుకున్నాను అని ఆమె చెప్పబోయింది. సగంలోనే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఈసారి చూసుకుందట అని ఆడపడుచు కొంగులోకి గొణిగింది.

కోడలి ఫోన్ మోగింది. మేనేజర్.

మెట్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడింది. మేనేజర్ చెడ్డవాడేం కాదు. పని గడిస్తే చాలనుకునే రకం, అంతే. పెట్టెలు చాలా ఇళ్ళకి వెళ్ళడానికి కట్టలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఈ ఒక్క ఇంటి సంగతి తేలక ఆగాయి. ఆయన తిప్పి తిప్పి చెప్పినదాని సారం ఒకటే. పరుపు మీద చేసిన పరీక్షలు తుడవకుండా ఆమె పెట్టెని గోడకి తగిలించి ఉండాలి. అదే జరిగితే లోపం మనిషిది, పెట్టెది కాదు. కట్టలు కదులుతాయి. ఉద్యోగం ఊడకుండా ఆయన చూసుకుంటాడు. కాకపోతే ఇకమీదట పరీక్షల పని ఆమె చేతికి ఇవ్వరు.

పెట్టెలో చూస్తే తెలియదా అని అడిగింది. ఆమెకీ తెలుసు, తెలియదని. అది ఏం నేర్చుకుందో అందులో ఉంటుంది. ఎవరు నేర్పారో ఉండదు. ఇంట్లోవాళ్ళ గుట్టు బయటపడకూడదని అలా కట్టారు.

"సాయంత్రంలోగా ఒక్క మాట చెప్పమ్మా. అవునంటే అవును, కాదంటే కాదు. కాదంటే మాత్రం మరెలా జరిగిందో కూడా నువ్వే చెప్పాలి," అన్నాడు. పెట్టేయబోతూ గుర్తొచ్చి, అత్తగారికి ఎలా ఉందని అడిగాడు.

అవునంటే అందరికీ సుఖమే. మొగుడికి తిట్టడానికో మనిషి, ఆడపడుచుకి ఏళ్ళ తరబడి చెప్పుకోవడానికో కథ, కంపెనీకి కట్టలు. తనకి మాత్రం ఒక ముసలావిడని నేల మీద పడుకోబెట్టిన పేరు. చచ్చేదాకా ఉంటుంది. మెట్ల పిట్టగోడ పట్టుకుని కాసేపలా నిలబడింది. ఏడుపు వచ్చింది కానీ ఎవరో ఎక్కి వస్తుంటే మింగేసింది.

తిరిగి వచ్చేసరికి ఆడపడుచు మొహం ముటముటలాడుతోంది. అత్తగారు కూతుర్ని కాకుండా కోడల్ని పిలిచిందట. లోపలికి ఒక్కరే వెళ్ళాలని నర్సు చెప్పింది.

అత్తగారు రెండు రోజుల్లో సగమైపోయింది. పెదాలు ఎండి పగిలాయి. కళ్ళు మాత్రం అవే, ఇంట్లో ఎక్కడ గిన్నె కదిలినా పసిగట్టే కళ్ళు.

"తలుపు వేసి రా," అంది.

"ఇక్కడ తలుపు వెయ్యనివ్వరు అత్తయ్యా."

"అయితే దగ్గరికి రా. ఈ గోడ మహా పల్చన. పొద్దుట్నుంచీ మీ గొడవంతా వింటూనే ఉన్నా."

కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. నన్ను క్షమించండి అని మొదలుపెట్టింది. అత్తగారు ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపి, కాసేపు దగ్గి, అప్పుడు చెప్పింది.

"నేను పడటం ఇదే మొదటిసారి కాదమ్మాయ్."

ఈమధ్య మోకాళ్ళు పట్టు తప్పుతున్నాయట. మంచం పక్కన ఒకసారి, స్నానాలగదిలో కొన్నిసార్లు, వంటగది గుమ్మంలో ఒకసారి. దెబ్బలేం తగల్లేదట. దభీమని కూలబడటం, ఏదో ఒకటి పట్టుకుని లేవడం. చెబితే కర్ర చేతికిస్తారు, లేదా ఎవరినైనా కాపలా పెడతారు. అదంతా ఎందుకని ఊరుకుందట. ఆ పెట్టెకి ఆవిడ పెట్టుకున్న పేరు చాడీలకోరు. తన మీద కొడుక్కి చాడీలు చెబుతుందని.

"ఒకటి మాత్రం చెప్పాలి. కొత్తలో అది ఎంత అల్లరి చేసేదీ. చెంచా జారితే కూడా 'పడ్డారా?' అని అడిగేది. వెధవది, ఇల్లంతా దానికి కొత్తే అప్పుడు."

కోడలు స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

చెంచా. ఇందాక మొగుడన్నదీ అదే మాట. పరుపు మీది పాఠం దాని బుర్రలో మిగిలి ఉంటే, అంత ఆరితేరిన పెట్టె చెంచాకి ఎందుకు అరుస్తుంది? మొదటి రోజునుంచే మొద్దులా ఉండేది. అరిచిందంటే కొత్తదానిలా ఉందన్నమాట. తను తుడిచింది. తను తుడిచే తగిలించింది!

ముందు కలిగింది సంతోషమే. ఎదురుగా ముసలావిడ విరిగిన ఎముకతో పడుకుని ఉంటే, సిగ్గు లేకుండా నిలువెల్లా సంతోషం. ఆ వెంటనే ఇంకో ప్రశ్న లేచింది. అయితే దానికి ఊరుకోవడం నేర్పిందెవరు?

"నేను కూలబడినప్పుడల్లా అడిగేది," అంటోంది అత్తగారు. "పడ్డారా అని. నేను జవాబు చెప్పేలోపలే 'మీ అబ్బాయి చూశారు, పర్లేదన్నారు' అనేది. వాడు పర్లేదన్నాడంటే ఫోన్‌లో చూసే ఉంటాడు కదా, సరే పెద్దగా ఏం లేదు కాబోలని లేచి నా పని నేను చూసుకునేదాన్ని. రానురాను అడగడం కూడా మానేసింది. మొన్న పడ్డప్పుడు పిలిచాను దాన్ని. చాడీలకోరూ, చెప్పవే, ఇవాళ వాడికి చెప్పవే అని. పిలిస్తే పలికేది కాదు కదా అది."

గోడకి తగిలించాక కంపెనీ మనుషుల ఫోన్లు ఆ పెట్టెకి కలపకూడదని నియమం. కబుర్లన్నీ అతని ఫోన్‌కే వెళ్ళాయి. మీటింగులో ఉన్నా, కారు నడుపుతున్నా, చూడకుండానే 'పర్లేదు' అని నొక్కాడు. చెంచాకి నొక్కాడు, తల్లికీ నొక్కాడు. రెండూ ఒకటేనని పెట్టె నేర్చుకుంది. తనేమో పరుపు మీద పడి, చూసి మరీ నొక్కి, పెట్టె బ్రహ్మాండంగా ఉందంది. చూడకుండా నొక్కే మనిషిని తన పరీక్షలో పెట్టాలని ఆమెకే తట్టలేదు. పక్కలో పడుకునే మనిషే అలాంటివాడైతే ఇంకెక్కడ తడుతుంది?

"నీకు అర్థమైంది. నీ మొహమే చెబుతోంది," అంది అత్తగారు. "నిన్న పడుకుని పడుకుని ఆలోచిస్తే నాకూ అర్థమైంది. వాడికి చెప్పకు."

"అత్తయ్యా, అందరూ నన్నే..."

"తెలుసు. విన్నాననలేదూ? నువ్వు తట్టుకుంటావు. వాడు తట్టుకోలేడు. చిన్నప్పుడు కుక్కపిల్లకి నీళ్ళు పెట్టడం మరిచిపోయానని జ్వరం తెచ్చుకున్నవాడమ్మా వాడు. ఇది తెలిస్తే ఇంక నా మొహం చూడలేడు. ఉన్న నాలుగు రోజులూ వాడు నా ఎదటపడి తిరగాలి. నాకు వాడి మొహం కావాలి."

కోడలికి ఒళ్ళు మండింది. నిజంగానే మండింది. కోడలికి ఓర్పు ఉంటుందని ఏ మహానుభావులు కనిపెట్టారో గానీ, ఏ బరువైనా తెచ్చి అక్కడే దింపుతారు. కానీ పోట్లాడుదామంటే ఎదురుగా ఉన్నది మంచంలో మనిషి. అందుకని మిగతా ఇళ్ళ సంగతి ఎత్తింది. ఆఫీసులో ఈ నింద తన మీద వేసుకుంటే పెట్టెలన్నీ ఇలాగే వెళ్ళిపోతాయి, ఫోన్ చూడకుండా నొక్కేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, మీలాంటి పెద్దవాళ్ళూ ఉంటారు అని నెమ్మదిగా చెప్పింది.

"ఆ ఇళ్ళకి ఆ ఇళ్ళవాళ్ళున్నారు," అంది అత్తగారు. ఆవిడ దుర్మార్గురాలు కాదు. తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి లోకం ఆవిడకి అంతే ఉంది.

కోడలి కుడిచెయ్యి పట్టుకుని వదల్లేదు. అంత నీరసంలో అంత పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో. కోడలు సరేననలేదు, కాదనలేదు. ఇంతలో నర్సు వచ్చి ఇక లెమ్మంది. ఆ మౌనాన్ని అత్తగారు సరే కింద జమకట్టుకుని కళ్ళు మూసుకుంది.

బయటికి వచ్చేసరికి అతను కాగితం కప్పులో టీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు కప్పులు. ఒకటి ఆమెకి.

"పొద్దుట్నుంచీ ఏమీ తాగలేదు నువ్వు," అన్నాడు.

తిట్టినప్పుడు రాని కన్నీళ్ళు ఆ టీ కప్పు చూడగానే వచ్చాయి. అతను కంగారుపడ్డాడు. ఇందాక ఆ మాట అని ఉండకూడదన్నాడు. కానీ ఏం చెయ్యను, అమ్మ నేల మీద పడి ఉన్న గంటలన్నీ నేను ఆఫీసులో చల్లగా కూర్చుని ఉన్నానే అన్నాడు. పెట్టె ఒక్కసారి మోగి ఉంటే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదా, ఒక్కటంటే ఒక్కసారి అన్నాడు. ఆ మాట అతను మనసారా నమ్ముతున్నాడు. అది చూస్తుంటే ఆమెకి అతని మీద కోపం రాలేదు, భయం వేసింది.

"నిజంగా పరిగెత్తుకొచ్చేవాడివా?" అంది.

"అదేం మాట?" అన్నాడు. సరిగ్గా అప్పుడే అతని చేతిలోని ఫోన్ గుయ్యిమంది. అతని కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. బొటనవేలు మాత్రం దాని దారిన అది వెళ్ళి అద్దం మీద నొక్కి వచ్చేసింది. ఫోన్ నోరు మూసుకుంది. "నేను రాకుండా ఉంటానా? మా అమ్మ కదా," అన్నాడు.

ఆమె ఆ వేలినే చూస్తోంది.

"ఏం నొక్కావు ఇప్పుడు?"

"ఎక్కడ?"

"ఇప్పుడు. ఫోన్‌లో."

అతను ఫోన్‌కేసి చూశాడు. నటించడం లేదు, నిజంగానే తెలియదు. ఆఫీసుదేదో అయి ఉంటుందన్నాడు.

పొద్దున్న తను తుడిచి, కొత్తదానిలా చేసి పెట్టిన పెట్టె. ఇంట్లో మామగారు ఒక్కరే. కోడలు టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేసి ఇంటికి ఫోన్ కలిపింది. మోగింది. ఎత్తలేదు. మోగుతూనే ఉంది. ఆడపడుచు కుర్చీలోంచి లేచింది. ఏమైందని ఆవిడ అడిగితే కోడలు జవాబు చెప్పకుండా స్పీకర్ నొక్కింది. ఎందుకు నొక్కిందో ఆమెకే తెలియదు. తెలుసేమో.

"హలో," అన్నాడు మామగారు, ఆయాసపడుతూ.

బాగానే ఉన్నారా అని అడిగింది.

"ఆఁ, బాగానే ఉన్నానమ్మా. పైన గూట్లో డబ్బా అందుకోబోతే స్టూలు జారింది. కింద కూలబడ్డాను. మోచెయ్యి గీసుకుంది, అంతే. లేచి రావడమే కాస్త ఆలస్యమైంది." ఊపిరి పీల్చుకున్నాడు. "అది కాదు గానీ, మీ పెట్టె మళ్ళీ మాట్లాడుతోందే! పడ్డారా అంది. నేను ఇంకా నోరు విప్పనే లేదు, మీ అబ్బాయి చూశారు, పర్లేదన్నారు అంది. అక్కడ అంత హడావిడిలో ఉండి కూడా వాడు క్షణంలో చూశాడంటే నాకెంత ధైర్యమొచ్చిందనుకున్నావు! వాడికి చెప్పమ్మా, నాన్న బాగానే ఉన్నాడని."

చెబుతానని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆడపడుచు తమ్ముడికేసి చూసింది, అంతలోనే చూపు తిప్పుకుంది. అతను తన చేతిలోని ఫోన్‌ని తిప్పి చూశాడు, బొటనవేలు చూసుకున్నాడు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

"అమ్మకి కూడా ఇలాగే చెప్పేదా అది?" అన్నాడు.

కోడలు తలెత్తింది. ఆమె కుడిచేతి మీద అత్తగారి వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సంచీలో ఫోన్ మోగడం మొదలుపెట్టింది, మేనేజరే అయి ఉంటాడు.

"చెప్పు. అమ్మ నీతో ఏమంది?"

పల్చటి గోడ అవతల అంతసేపూ వినిపిస్తున్న దగ్గు ఆగిపోయింది. అత్తగారు వింటోంది.